టెక్ సందేహాలు: చెవిలో మోత ఉన్నోళ్ళు ఏ హెడ్‌ఫోన్ కొనాలి?

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్, సాయంత్రం మొదలైతే రాత్రి దాకా క్లయింట్ కాల్సే. కొన్ని నెలలుగా చెవుల్లో కీచుమని మోత, డాక్టర్ టిన్నిటస్ అన్నారు. మంచి ఏఎన్‌సీ (నాయిస్ క్యాన్సిలింగ్) హెడ్‌ఫోన్ కొంటే ఈ సౌండ్ ఆగుతుందా?

ఆగదండీ. ఈ ప్రశ్న ఎంతమంది అడిగారంటే విడివిడిగా రిప్లై ఇవ్వడం మానేసి ఇక్కడే రాస్తున్నా. ఏఎన్‌సీ ఏం చేస్తుంది, మైక్‌తో బయటి సౌండ్ విని దానికి సరిగ్గా తిరగేసిన సౌండ్ లోపల వదులుతుంది, రెండూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. మీ మోత గాల్లో ఉంటే కదా మైక్‌కి దొరకడానికి? అది చెవి నుంచి మెదడుకెళ్ళే దారిలో పుడుతోంది. పైగా నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఏఎన్‌సీ ఆన్ చేస్తే ఫ్యాన్ హోరు, ఏసీ హోరు పోయి మీ మోత ఒక్కటే మిగులుతుంది, ఇంకా గట్టిగా ఉన్నట్టు అనిపిస్తుంది. కొందరికి చెవిలో ప్రెషర్ పడినట్టు కూడా ఉంటుంది. చాలా ఏఎన్‌సీ బడ్స్‌లో సన్నగా సుయ్‌మనే సౌండ్ ఒకటి సొంతంగా ఉంటుంది, దాన్ని కూడా టిన్నిటస్ ఖాతాలో రాసేసుకుని బెంబేలెత్తిపోతుంటారు. బడ్స్ తీసేశాక కూడా అదే సౌండ్ ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

అలాగని ఏఎన్‌సీ దండగ అనట్లేదు. బస్సులో, రైల్లో, విమానంలో ఆ మంద్రమైన హోరుని బాగా తగ్గిస్తుంది, అప్పుడు మీరు వాల్యూమ్ పెంచాల్సిన పని ఉండదు. దాని అసలు ఉపయోగం అదీ. ఇంట్లో కూర్చుని కాల్స్ మాట్లాడేవాళ్ళకి మాత్రం నా ఓటు ఓపెన్ బ్యాక్‌కే, అంటే కప్ వెనక జాలీ ఉండి బయటి సౌండ్ లోపలికి వచ్చే రకం. చెవి బిగుసుకుపోదు, మీ గొంతు మీకే కుండలో మాట్లాడినట్టు వినిపించదు. ఇంట్లో పిల్లలు అరుస్తుంటే ఇది పనికిరాదనుకోండి, అది వేరే సంగతి. ఒక చెవికే పెట్టుకునే హెడ్‌సెట్ వద్దు, ఒక్క చెవితో వింటే తెలీకుండానే సౌండ్ పెంచుతాం. సైడ్‌టోన్ ఉన్నది దొరికితే తీసుకోండి, మాట్లాడేటప్పుడు మన గొంతు మనకే కొంచెం వినిపిస్తుంది, అరవక్కర్లేదు.

ఇక వాల్యూమ్ లెక్క. పెద్దవాళ్ళకి వారానికి 40 గంటలకి 80 డెసిబెల్స్ దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, అదే 90 అయితే వారం మొత్తానికి 4 గంటలే. 3 డెసిబెల్స్ పెరిగితే టైమ్ సగానికి పడిపోతుంది, అదీ లెక్క. పిల్లలకి, చెవులు సెన్సిటివ్‌గా ఉన్నవాళ్ళకి 75 అన్నారు, మీరు ఆ లెక్కలోనే ఉండండి. ఫోన్ సెట్టింగ్స్‌లో సౌండ్‌లోకెళ్తే చాలా ఫోన్లలో లిమిట్ పెట్టుకునే ఆప్షన్ ఉంటుంది. కాకపోతే మీ హెడ్‌ఫోన్ ఏదో ఫోన్‌కి సరిగ్గా తెలీకపోతే అది చూపించే డెసిబెల్స్ ఉజ్జాయింపే, దాన్ని పట్టుకుని ధీమాగా ఉండకండి. వాల్యూమ్ ఒక్క గీత పెట్టినా ఎక్కువగానే ఉంటోందంటే ఆండ్రాయిడ్‌లో డెవలపర్ ఆప్షన్స్‌కి వెళ్ళి బ్లూటూత్ అబ్సల్యూట్ వాల్యూమ్ డిసేబుల్ చేయండి, అప్పుడు ఫోన్ వాల్యూమ్ వేరు, హెడ్‌ఫోన్ వాల్యూమ్ వేరు అవుతాయి, రెండోదాన్ని తగ్గించి పెట్టుకుంటే సరిపోతుంది.

నాకు ఒళ్ళు మండేది ఇంకోటుంది. ఆన్ చేయగానే చెవిలో "కనెక్టెడ్" అని అరిచే ఆ గొంతు! మీ ఫోన్ వాల్యూమ్ ఎంత తక్కువలో ఉన్నా చవక నెక్‌బ్యాండ్లలో ఆ అరుపు తగ్గదు, ఎందుకంటే అది ఫోన్ నుంచి రావట్లేదు, చిప్‌లోనే రికార్డ్ చేసి పెట్టేశారు. బ్యాటరీ అయిపోతుంటే ఇంకా ఘోరం, మీటింగ్ మధ్యలో కుయ్ కుయ్‌మని ఆగకుండా. దీన్ని డిజైన్ చేసినవాళ్ళు ఒక్క రోజైనా చెవిలో పెట్టుకుని చూశారా అని నా డౌట్. మామూలు చెవికే చిరాకు, మోత ఉన్న చెవికి ఆ ఒక్క అరుపుతో రాత్రి నిద్ర లేకుండా పోతుంది. బాక్స్ మీద ఎన్ని గంటల బ్యాటరీ, ఎంత బేస్ అని పెద్దక్షరాల్లో వేస్తారు, ఈ అరుపు ఆపొచ్చా లేదా అన్నది ఎక్కడా ఉండదు. షాపులో కొనేముందు ఆన్ చేయించి వినండి, ఆన్‌లైన్‌లో అయితే రివ్యూల్లో వెతకండి, ఇప్పటికే కొనేసుంటే ముందు ఆన్ చేసి, కనెక్ట్ అయ్యాకే చెవిలో పెట్టుకోండి.

మోత ఒక్క చెవిలోనే ఉన్నా, గుండె కొట్టుకున్నట్టు లయగా వస్తున్నా, ఉన్నట్టుండి ఒక చెవి వినికిడి తగ్గినా హెడ్‌ఫోన్ రివ్యూలు చదువుతూ కూర్చోకండి, వెంటనే ఈఎన్‌టీ దగ్గరికెళ్ళండి. ముఖ్యంగా ఆ మూడోది వారాల తరబడి ఆగకుండా రోజుల్లోనే చూపించాల్సిన విషయం.

ప్రశ్న: బోన్ కండక్షన్ హెడ్‌ఫోన్ అయితే చెవిలోకి సౌండే వెళ్ళదు కదా, ఎంత సౌండ్ పెట్టినా సేఫేనా? (విజయవాడ)

కాదు. ఎముక ద్వారా వెళ్ళినా చివరికి చేరేది లోపలి చెవిలో ఉండే అదే కాక్లియాకి, దెబ్బ తగిలేదీ అక్కడే. చెవి తెరిచి ఉంటుంది, బిగుతు ఉండదు, వాకింగ్‌లో హారన్లు వినిపిస్తాయి, అంతవరకూ బాగుంది. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో పాట వినపడట్లేదని ఫుల్ పెట్టారో, మామూలు ఇయర్‌ఫోన్‌కీ దీనికీ తేడా లేదు.

ప్రశ్న: మా నాన్నగారికి టిన్నిటస్. ఒక వీడియో కింద లింక్‌లో "ఈ ఫ్రీక్వెన్సీ వింటే మోత పోతుంది" అని యాప్ ఉంది. ఇన్‌స్టాల్ చేస్తుంటే నోటిఫికేషన్ యాక్సెస్, యాక్సెసిబిలిటీ అడుగుతోంది. ఇవ్వొచ్చా? (గుంటూరు)

ఇవ్వకండి, ఆ యాప్‌ని ఇప్పుడే తీసేయండి. ఒక సౌండ్ ప్లే చేయడానికి మీ నోటిఫికేషన్లతో పనేంటి? నోటిఫికేషన్ యాక్సెస్ ఇచ్చారంటే చాలా ఫోన్లలో బ్యాంక్ ఓటీపీ మీకంటే ముందు ఆ యాప్ చదివేయగలదు. యాక్సెసిబిలిటీ ఇచ్చారంటే స్క్రీన్ మీద ఏముందో చూడగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. చలానా పేరుతో, పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో తిరిగే ఏపీకే ఫైళ్ళు (ప్లే స్టోర్ బయట నుంచి యాప్ వేసే ఫైళ్ళు) ఖాతాలు ఖాళీ చేసేది ఇలాంటి పర్మిషన్లతోనే. నిద్రపట్టక అర్ధరాత్రి ఫోన్ పట్టుకున్న మనిషి దేనికైనా ఓకే నొక్కుతాడు, మోసగాళ్ళకి అది బాగా తెలుసు. ఇప్పటికే నొక్కేసి డబ్బు పోయుంటే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇది దొంగ యాప్‌ల గొడవ అనుకుని ఊరుకోవద్దు, హెడ్‌ఫోన్‌తో వచ్చే అసలు యాప్‌లూ తక్కువేం కాదు. మెసేజ్ చదివి వినిపిస్తామని అవే నోటిఫికేషన్లు అడుగుతాయి, లొకేషన్ అడుగుతాయి, కాంటాక్ట్స్ అడుగుతాయి. పాత ఆండ్రాయిడ్‌లో బ్లూటూత్ స్కాన్‌కి లొకేషన్ కావాల్సొచ్చేది నిజమే, ఆండ్రాయిడ్ 12 నుంచి దానికి నియర్‌బై డివైసెస్ అని వేరే పర్మిషన్ ఉంది. ఇంకా లొకేషన్ ఇస్తేగానీ కదలనంటోందంటే బద్ధకమన్నా అయ్యుండాలి, డేటా మీద కన్నన్నా అయ్యుండాలి.

మరి యాప్ అసలు వద్దా అంటే అక్కడే ఇరుక్కుంటాం. 2025 జూన్‌లో జర్మనీ సెక్యూరిటీ పరిశోధకులు చాలా బ్రాండ్ల బడ్స్‌లో వాడే ఒక కంపెనీ చిప్‌లలో మూడు లోపాలు బయటపెట్టారు. బ్లూటూత్ రేంజ్‌లో ఉన్నవాడు పెయిర్ కూడా చేయకుండా హెడ్‌ఫోన్ మెమరీ చదవొచ్చు, కొన్ని మోడల్స్‌లో మైక్ ద్వారా వినొచ్చు. అది చేయాలంటే మంచి పనితనం కావాలి, పక్కనే ఉండాలి, కాబట్టి మీ నాన్నగారి మీద ఎవరో ఇప్పుడే కాపు కాశారని కాదు. కానీ ఆ రిపేర్ ఫర్మ్‌వేర్ (హెడ్‌ఫోన్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌గానే రావాలి, ఆ అప్‌డేట్ చాలా హెడ్‌ఫోన్లకి కంపెనీ యాప్‌లోంచే వస్తుంది. చవక బడ్స్‌కైతే చాలావాటికి అసలు యాపే ఉండదు, అంటే కొన్నరోజు ఎలా ఉందో పారేసే రోజు దాకా అంతే. అప్‌డేట్ ఇవ్వలేనివాళ్ళు మైక్ ఉన్న వస్తువు అమ్మకూడదని రూల్ పెట్టినా నాకు అభ్యంతరం లేదు. ఉన్నంతలో చేయగలిగింది, యాప్‌ని ప్లే స్టోర్ నుంచే వేసుకోండి, నియర్‌బై డివైసెస్ ఒక్కటి ఇవ్వండి, అప్‌డేట్ చేసుకుని తీసేయండి, కొన్ని నెలలకోసారి మళ్ళీ చూడండి.

నాన్నగారికి రాత్రిపూట బడ్స్ కూడా వద్దు. మంచం పక్కన మామూలు చిన్న స్పీకర్, మెమరీ కార్డ్ పెట్టుకునేది, అందులో గంట నిడివి ఉన్న వాన సౌండ్ ఫైల్ వేయండి. మోత పూర్తిగా మునిగిపోయేలా కాదు, దానికంటే కొంచెం తక్కువగా పెట్టమనండి. కొనేటప్పుడు ఆ స్పీకర్ కూడా ఆన్ చేయగానే ఇంగ్లీష్‌లో అరుస్తుందేమో చూసుకోండి, చాలావరకు అరుస్తాయి.