మీ ప్రశ్న – మా జవాబు: ధర్నా, అరెస్టు, ఆ తర్వాతి కేసు

ప్రశ్న: ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం కలెక్టరేట్ ఎదుట ధర్నా చేద్దామనుకున్నాం. అనుమతి కోసం స్టేషన్‌కు వెళ్తే ‘చూద్దాంలే’ అని కాగితం పక్కన పడేశారు. అనుమతి రాకుండా కూర్చుంటే నేరమా?
– డిగ్రీ విద్యార్థి, నల్గొండ

జవాబు: ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు రాజ్యాంగం 19(1)(బి) అధికరణంలోనే ఉంది. ఆ హక్కును పోలీసులు ఇవ్వలేదు. చోటు, సమయం, మైకు, ట్రాఫిక్ విషయంలో సహేతుకమైన షరతులు పెట్టే అధికారం మాత్రం వాళ్లకుంది. వీధుల్లో సభలు అసలే వద్దనడం కుదరదని సుప్రీంకోర్టు 1972లో హిమత్‌లాల్ షా కేసులో చెప్పింది. షాహీన్‌బాగ్ కేసులో 2020లో అదే కోర్టు, రోడ్డును నిరవధికంగా ఆక్రమించి కూర్చోవడం కుదరదని కూడా చెప్పింది. కాబట్టి వాహనాలకు దారి వదిలి ఒక పక్కన కూర్చోండి.

దరఖాస్తు రెండు ప్రతులు రాయండి. తేదీ, ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు, కచ్చితమైన చోటు, ఎంతమంది వస్తారు, మైకు ఉందా లేదా, బాధ్యులైన ఇద్దరు ముగ్గురి పేర్లు, ఫోన్ నంబర్లు అందులో ఉండాలి. కనీసం వారం ముందు ఇచ్చి, రెండో ప్రతిపై ‘అందినది’ అని సంతకం, ముద్ర వేయించుకోండి. వేయనంటే అక్కడ వాదించకండి. అదే రోజు డీఎస్పీకి, ఎస్పీకి స్పీడ్‌పోస్టులో పంపి రసీదులు దాచండి. ‘చూద్దాంలే’ అన్న నోటిమాటను హైకోర్టులో సవాలు చేయడం కష్టం. రసీదు ఉండీ జవాబు రాకపోతే రిట్ (హక్కు కాపాడమని హైకోర్టును కోరే పిటిషన్) వేయొచ్చు. ధర్నా తేదీ దగ్గరపడితే లంచ్ మోషన్ (అదే రోజు అత్యవసర విచారణ) అడగొచ్చు.

ఇక ‘నిషేధాజ్ఞలు ఉన్నాయి’ అంటే ఆ ఉత్తర్వు ప్రతి చూపించమనండి. పాత 144 సెక్షన్ ఇప్పుడు నేర విచారణ పద్ధతి చెప్పే కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 163. మామూలుగా ఆ ఉత్తర్వు రెండు నెలలకు మించి ఉండదు. దాన్ని ప్రకటించాలని, ఊరికే మళ్లీ మళ్లీ జారీ చేయడం అధికార దుర్వినియోగమని సుప్రీంకోర్టు 2020లో అనూరాధా భాసిన్ కేసులో చెప్పింది.

ఒక్క జాగ్రత్త ప్రాణం పెట్టి చెబుతున్నాం. ఎత్తుకెళ్లి డీసీఎం వ్యానులోకి ఎక్కించేటప్పుడు చేతులు కట్టుకునే ఉండండి. ఆ తోపులాటలో కానిస్టేబుల్ చొక్కా గుండీ ఊడినా, చేయి విదిలించినా బీఎన్ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త శిక్షా చట్టం) 132 కింద, విధుల్లో ఉన్న ప్రభుత్వోద్యోగిపై దాడి అని కేసు రాస్తారు. అది నాన్‌బెయిలబుల్, రెండేళ్ల వరకు శిక్ష. ధర్నాకు వెళ్లిన పిల్లలు జైలు దాకా పోయేది ఎక్కువగా ఈ సెక్షన్ వల్లే.

ప్రశ్న: చలో అసెంబ్లీ రోజు తెల్లవారుజామునే మా అబ్బాయిని హాస్టల్ నుంచి పోలీసులు తీసుకెళ్లి, సాయంత్రం ఏదో కాగితంపై సంతకం పెట్టించుకుని వదిలారు. వాడిమీద కేసు ఉన్నట్టా?
– ఒక తల్లి, వరంగల్

జవాబు: లేకపోవచ్చమ్మా. ఇది ముందస్తు అరెస్టు, బీఎన్ఎస్ఎస్ 170. నేరం చేయబోతున్నాడని, వేరే విధంగా ఆపలేమని అనిపిస్తేనే వాడాల్సిన సెక్షన్ ఇది. 24 గంటలు దాటి ఉంచకూడదు. సంతకం పెట్టిన కాగితం ఏమిటో మాత్రం తప్పక కనుక్కోండి. సొంత పూచీకత్తు అయితే భయం లేదు. ఇకపై గొడవ చేయనని బాండు రాయించుకునే బైండోవర్‌కు సంబంధించినదైతే తహసీల్దారు నుంచో ఆర్డీవో నుంచో నోటీసు వస్తుంది. ఆ వాయిదాకు వెళ్లాల్సిందే. ఖాళీ కాగితంపై ఎప్పుడూ సంతకం పెట్టొద్దని అబ్బాయికి చెప్పండి.

ప్రశ్న: రాస్తారోకో చేశామని మా పదిమందిపై కేసు పెట్టారు. ‘చిన్న కేసే, లోక్ అదాలత్‌లో ఒప్పుకుని ఫైను కట్టేయండి, అయిపోతుంది’ అంటున్నారు. నేను గ్రూప్స్‌కు చదువుతున్నాను. కట్టేయమంటారా?
– పీజీ విద్యార్థిని, అనంతపురం

జవాబు: ఆగండి. ముందు ఎఫ్ఐఆర్ తీసుకుని సెక్షన్లు చూడండి. సున్నితమైన కేసులు కాకపోతే రాష్ట్ర పోలీసు వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది.

‘ఒప్పుకోవడం’ అంటే నేరాంగీకారం. ఫైను వంద రూపాయలే అయినా రికార్డులో పడేది శిక్షే. ‘రాజీ’ వేరు. రాజీ పడదగిన సెక్షన్ అయి, ఫిర్యాదిదారు రాజీకి ఒప్పుకుంటే నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. లోక్ అదాలత్‌లో రెండూ ఒకే గదిలో, ఒకే హడావుడిలో జరుగుతాయి. అందుకే పిల్లలకు తేడా తెలియదు. సంతకానికి ముందు ‘ఇది రాజీయా, నేరాంగీకారమా?’ అని మీ లాయరును అడగండి.

రాస్తారోకోకు సాధారణంగా పెట్టేవి బీఎన్ఎస్ 126(2), 285, 223. వీటిలో 126(2) అడ్డగింపు, అది రాజీ పడదగినదే. 285 దారికి ఆటంకం, దానికి ఫైను మాత్రమే. 223 నిషేధాజ్ఞల ఉల్లంఘన. పోలీసులు ఎక్కువగా తప్పు చేసేది ఈ చివరిదానిలోనే. ఉత్తర్వు ఇచ్చిన అధికారి గానీ, ఆయన పైఅధికారి గానీ, ఆయన అధికారమిచ్చిన మరో ప్రభుత్వాధికారి గానీ రాతపూర్వక ఫిర్యాదు చేస్తేనే కోర్టు దాన్ని విచారణకు స్వీకరించాలి (బీఎన్ఎస్ఎస్ 215). స్టేషన్ వాళ్లు చార్జిషీటు వేస్తే చాలదు. ఆ లోపం కనిపిస్తే హైకోర్టులో బీఎన్ఎస్ఎస్ 528 కింద కేసు కొట్టివేత కోరవచ్చు. ఇంకోటి, ఈ మూడే సెక్షన్లు ఉంటే కోర్టు ముందుకు రావడానికి గడువు ఏడాది. అంతకంటే పెద్ద సెక్షన్ కలిస్తే గడువు దాన్నిబట్టి పెరుగుతుంది.

ఉద్యోగ దరఖాస్తులో, అటెస్టేషన్ ఫారంలో అడిగితే దాచకండి. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు, చిన్నవయసులో నినాదాలు చేసినందుకు పడ్డ శిక్షలాంటి స్వల్ప విషయాన్ని దాచినా యజమాని తన విచక్షణతో పట్టించుకోకుండా వదిలేయొచ్చని చెప్పింది. అయితే అది ఆయన దయ, మీ హక్కు కాదు. చెప్పేస్తే ఆ బెంగే లేదు. పాస్‌పోర్టు సంగతికొస్తే, ఎఫ్ఐఆర్ ఒక్కటే ఉంటే అడ్డం కాదని విదేశాంగ శాఖ 2019లో స్పష్టం చేసింది. కోర్టు కేసును స్వీకరించాక మాత్రం ఆ కోర్టు అనుమతి తెచ్చుకోవాలి.

కేసు ఎలా ముగిసినా ఆఖరి ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసి పెట్టుకోండి. పదేళ్ల తర్వాత వెరిఫికేషన్‌కు వచ్చే కానిస్టేబుల్‌కు చూపాల్సింది అదే.

ప్రశ్న: ధర్నాలో అమ్మాయిలను చీకటిపడ్డాక అరెస్టు చేయొచ్చా?
– ఇంజనీరింగ్ విద్యార్థిని, విజయవాడ

జవాబు: సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా మామూలుగా చేయకూడదు (బీఎన్ఎస్ఎస్ 43). అసాధారణ పరిస్థితి ఉంటే మహిళా అధికారి రాతపూర్వకంగా నివేదిక ఇచ్చి, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి తీసుకోవాలి. పరిస్థితి మరీ తప్పనిసరైతే తప్ప మీపై చేయి వేయాల్సింది మహిళా పోలీసులే. స్టేషన్‌కు తీసుకెళ్తే ఇంట్లోవాళ్లకు చెప్పించే హక్కు, లాయరును కలిసే హక్కు మీకున్నాయి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఈ ఉచిత న్యాయసహాయానికి ఫోన్ 15100. ధర్నాకు బయల్దేరే ముందే ఆ నంబరు చేతిమీద పెన్నుతో రాసుకోండి, ఫోన్ లాక్కుంటే చదువుకోవడానికి ఉంటుంది.