వీపు కింద చలి

గుంటూరు, కొత్తపేట

అమ్మడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అరగంట ఏడ్చింది. డిసెంబరులో లంబసింగి వెళ్లి, గది తీసుకోకుండా చెట్లకి ఉయ్యాల కట్టుకుని పడుకుంటావట. "నువ్వైనా చెప్పరా, నీ మాట వింటుంది" అంది. చెబుతానన్నాను. వద్దని చెబుతానని మాత్రం అనలేదు. ఫోన్ పెట్టేశాక మీ అత్తతో "చూశావా, నా మేనకోడలు!" అని రెండుసార్లు అన్నాను. ఆవిడ టీవీ సౌండు పెంచింది.

గట్టి చెట్లు చూసుకో. తాళ్లు కాదు, వెడల్పు పట్టీలు కట్టు. ఉయ్యాల మరీ బిగించకుండా, అందులో ఐమూలగా పడుకో, నడుం పట్టదు. మంచుకి పైన టార్పాలిన్. ఇవన్నీ యూట్యూబులో చూసే ఉంటావు.

నేను రాయాలనుకున్నది వేరు. 1988 డిసెంబరు. నాకు ఇరవై రెండేళ్లు. చింతపల్లిలో ఒక హాస్టల్‌కి మన కొట్టు పరుపులు దింపి లారీలో తిరిగొస్తుంటే లంబసింగి దగ్గర రాత్రయింది. ఘాట్ రోడ్డు పొద్దున్నే దిగుదామన్నాడు డ్రైవరు. అక్కడివాళ్లు ఆ ఊరిని కొర్రబయలు అంటారు, బయట పడుకున్నవాడు కర్రలా బిగుసుకుపోతాడని. నాకూ చెప్పారు. పరుపుల కొట్టువాడికి చలేంటని నవ్వాను.

నాకు పాములంటే భయం, నీకు తెలుసుగా. లారీ పట్టా మడిచి రెండు సిల్వర్ ఓక్ చెట్ల మధ్య కట్టి, అందులో రజాయి పరిచాను. మీ తాతయ్య తన చేత్తో టాకాలు వేసిన రజాయి అది, నాలుగు కిలోల దూది. పైన ఇంకో దుప్పటి. క్లీనరు కుర్రాడు లారీ తొట్టిలో ఎండుగడ్డి మీద గోనెపట్టా కప్పుకుని ముడుచుకున్నాడు. వాణ్ణి చూసి జాలిపడ్డాను కూడా.

రెండింటికి మెలకువొచ్చింది. ఛాతీ వెచ్చగానే ఉంది, వీపు ఐసుగడ్డ. వెచ్చదనం దూదిలో లేదమ్మా, పోగుల మధ్య ఆగిన గాలిలో ఉంది. అణిగిన పరుపుని జనం మా దగ్గరికి తెచ్చి ఏకించుకునేది అందుకేగా! నా బరువుకి ఆ రజాయి అప్పడమైపోయింది, దాని కింద చల్లగాలి ఆడుతూనే ఉంది. క్లీనరు కింద గాలి ఆడే సందే లేదు. గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు.

అప్పుడే వెళ్లి వాడి పక్కన పడుకుంటే సరిపోయేది. పరువు అడ్డొచ్చింది. బాల్చీలో నిప్పులు పోసి ఉయ్యాల కింద పెట్టాను. హాయిగా నిద్రపట్టింది. అణిగిన దూది వెంటనే మంటగా లేవదు, లోలోపల రాజుకుంటుంది, పడుకున్నవాడికి తెలియదు. వాసనకి క్లీనరు లేచి, రేడియేటరు కోసం ఉంచిన క్యాను నీళ్లు నా మీద కుమ్మరించాడు. రజాయికి కంచమంత చిల్లు. చిన్నప్పుడు నా భుజం మీద మచ్చ చూసి అడిగితే పులి గీరిందన్నాను చూడు, ఆ పులి ఇదే. రజాయి ఎక్కడో పోయిందని తాతయ్యకి చెప్పాను. ఆయన బతికున్నంత కాలం అంతకుమించి చెప్పలేకపోయాను.

ఉయ్యాల దరిదాపుల్లో నిప్పు పెట్టావో, నేనే వచ్చి చెవి మెలేస్తాను. నీది నైలాన్, రవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. ఎంత చలేసినా సరే. మిగతావన్నీ మర్చిపోయినా ఫర్వాలేదు తల్లీ, ఇది మర్చిపోకు.

స్లీపింగ్ బ్యాగ్ ఒక్కటే కొన్నావట. అది కూడా వీపు కింద నా రజాయిలాగే అణుగుతుంది. ఫోమ్ ప్యాడ్ అయితే అణగదు, చవక కూడా, కానీ రాత్రంతా జారుతుంది. రెండు పొరల ఉయ్యాలైతే మధ్యలో దోపు. ప్యాడ్ మీద ఆర్-వాల్యూ అని ఒక అంకె ఉంటుంది, అది ఎంత ఎక్కువైతే అంత వెచ్చన. రెండు ప్యాడ్లు ఒకదాని మీద ఒకటి వేస్తే ఆ అంకెలు కలుస్తాయి.

నా ఓటు మాత్రం అండర్‌క్విల్ట్‌కే. అంటే ఉయ్యాలకి బయట, అడుగున వేలాడే బొంత. నీ బరువు దాని మీద పడదు కాబట్టి పొంగు పోదు. బిగిస్తే అణుగుతుంది, వదిలేస్తే సందులో గాలి దూరుతుంది, వీపుకి తగిలీ తగలనట్టుండాలి. ఈకలతో చేసినవి తేలికే గానీ తడిస్తే ముద్దవుతాయి. లంబసింగి మంచుకి ఫైబరే నయం.

ఇన్నేళ్లు దూది అమ్మినవాణ్ణి చెబుతున్నా, ఒంటికి కాటన్ బట్టలొద్దు, చెమట పీల్చి ఓ పట్టాన ఆరవు. పడుకునేముందు పొడి సాక్సులు, ఉన్ని టోపీ వేసుకో.

దిండ్లలో కూరే ఫైబరు కొట్లో పక్కన పెట్టించాను. బొంత నేనే కుడతాను, అంచులకి ఎలాస్టిక్ వేసి, టాకాలు దూరదూరంగా. నువ్వు ఉయ్యాలలో పడుకుని ఎవరి చేతనైనా పొడవు, వెడల్పు కొలిపించి వాట్సాప్‌లో పెట్టు. ఆదివారం వస్తే మా వసారా కొక్కేలకి కట్టి చూద్దాం.

ఆ మచ్చ కాగే పాలు పడి వచ్చిందని మీ అమ్మ ఇప్పటికీ నమ్ముతోంది. అలాగే ఉండనీ.

మీ మావయ్య