ఉద్యోగాల కోసం చెరో ఊళ్లో ఉంటే విడాకులైనట్టేనా?

ప్రశ్న: నేను దేవరకొండ దగ్గర ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఎస్‌జీటీని (సెకండరీ గ్రేడ్ టీచర్‌ని). మావారు పుణెలో ప్రైవేటు కంపెనీలో పనిచేస్తారు. మా పెళ్లి 2021లో మిర్యాలగూడలో అయింది. నాకు ఉద్యోగం ఉందని తెలిసే సంబంధం కలుపుకున్నారు. బాబు పుట్టాక దేవరకొండలో ఇల్లు అద్దెకు తీసుకుని, అమ్మను తోడు పెట్టుకుని ఉంటున్నాను. ఆయన నెలకో రెండు నెలలకో వచ్చిపోతారు. ఎండాకాలం సెలవులకు నేనూ బాబూ పుణె వెళ్తాం. మా ఇద్దరి మధ్య ఏ గొడవా లేదు. కానీ ఈ మధ్య మా అత్తమ్మ, ఆడబిడ్డ "ఆలుమగలు రెండేండ్లు కలిసి ఉండకపోతే విడాకులు అయినట్టే, నౌకరి ఇడిసిపెట్టి పోతవా లేదా" అని అడుగుతున్నారు. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి బాండు పేపరు మీద సంతకం చేయమంటున్నారు. "నా ఇష్టపూర్వకంగా భర్తను విడిచి వేరుగా ఉంటున్నాను, నాకు గానీ బిడ్డకు గానీ ఖర్చుల కింద ఏమీ అడగను" అని అందులో ఉంది. మావారేమో "అమ్మ మనసు కుదుటపడుతుంది, పెట్టెయ్" అంటున్నారు. ఉద్యోగం మానకపోతే తప్పు నాదవుతుందా? ఆ కాగితం మీద సంతకం పెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, నల్లగొండ జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ కాగితం సంగతి. దాని మీద సంతకం పెట్టకండి. ఎవరి మనసు కుదుటపడటానికైనా సరే, పెట్టకండి. ఎందుకో వివరంగా చెప్తాను.

రెండేళ్లు వేరుగా ఉంటే విడాకులు వాటంతటవే వస్తాయన్న మాట మన ఊళ్లలో బాగా పాతుకుపోయింది. చట్టంలో అలాంటిది ఎక్కడా లేదు. రెండేళ్లు కాదు, ఇరవై ఏళ్లు వేరుగా ఉన్నా కోర్టు డిక్రీ ఇవ్వకుండా హిందూ వివాహం రద్దు కాదు. కులాచారం ప్రకారం విడాకులు తీసుకునే పద్ధతిని హిందూ వివాహ చట్టం సెక్షన్ 29(2) కాపాడుతుంది కానీ, ఆ ఆచారం తమ కులంలో చాలాకాలంగా నిజంగా నడుస్తోందని సాక్ష్యంతో రుజువు చేయాలి. నలుగురు పెద్దమనుషులు కూర్చుని రాసినంత మాత్రాన అది ఆచారం అయిపోదు. దేవరకొండ ప్రాంతంలో లంబాడా కుటుంబాలు ఎక్కువ కాబట్టి ఇంకో మాట. షెడ్యూల్డ్ తెగలకు హిందూ వివాహ చట్టం నేరుగా వర్తించదని సెక్షన్ 2(2)లో ఉంది. మీరు ఆ తెగకు చెందినవారైతే నా జవాబుతో సరిపెట్టుకోకుండా దగ్గర్లోని న్యాయవాదిని విడిగా కలవండి. మీ ఉత్తరంలో ఆ ప్రస్తావన లేదు కాబట్టి వర్తిస్తుందన్న లెక్కతోనే రాస్తున్నాను.

మరి ఈ రెండేళ్ల మాట ఎక్కడి నుంచి వచ్చింది? హిందూ వివాహ చట్టం, 1955లోని సెక్షన్ 13(1)(ఐబీ) నుంచి. భార్యాభర్తల్లో ఒకరు రెండో వారిని వదిలిపెట్టి, కేసు వేసే రోజుకు ఎడతెగకుండా రెండేళ్లు నిండితే, వదిలివేతకు గురైనవారు విడాకులు అడగవచ్చు. అడగవచ్చు, అంతే. ఇవ్వాలా వద్దా అనేది కోర్టు తేలుస్తుంది. ఆ వదిలివేత సరైన కారణం లేకుండా జరగాలి, అవతలివారి సమ్మతి లేకుండా గానీ వారి ఇష్టానికి విరుద్ధంగా గానీ జరగాలి. బిపిన్‌చంద్ర వర్సెస్ ప్రభావతి కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేటతెల్లం చేసింది. 1957 నాటి లా రిపోర్టుల్లో ఉన్న ఆ తీర్పును ఇప్పటికీ ప్రతి కోర్టూ చూస్తుంది. వేరుగా ఉండటం ఒక్కటే చాలదు, కాపురాన్ని శాశ్వతంగా తెంచుకోవాలన్న ఉద్దేశం కూడా ఉండాలి.

మీ విషయంలో ఆ ఉద్దేశం ఎక్కడుంది? ఉద్యోగం సంగతి తెలిసే పెళ్లి చేసుకున్నారు. ఆయన మీ దగ్గరికి వస్తున్నారు, మీరు ఆయన దగ్గరికి వెళ్తున్నారు, బిడ్డను ఇద్దరూ కలిసి పెంచుకుంటున్నారు. ఇది రెండు ఊళ్లలో నడుస్తున్న ఒకే కాపురం. పరస్పర అంగీకార విడాకుల గురించి వచ్చిన సురేష్ఠా దేవి కేసులో సుప్రీంకోర్టు 1991లో సరిగ్గా ఈ సంగతే చెప్పింది. ఒకే కప్పు కింద ఉంటూ కూడా భార్యాభర్తలుగా బతకనివారు ఉంటారు, పరిస్థితుల వల్ల వేర్వేరు ఇళ్లలో ఉంటూ భార్యాభర్తలుగానే బతికేవారూ ఉంటారు. ఇది తెలుసుకోవడానికి మనకు తీర్పే అక్కర్లేదు. నారాయణపేట, కోస్గి, మద్దూరు వైపు ఊళ్లలో భార్యాపిల్లల్ని ఇంటి దగ్గర వదిలి మేస్త్రీ వెంట ముంబైకో పుణెకో కూలికి పోయే మగవాళ్లు ఎందరో. 2021 డిసెంబర్‌లో ఉద్యోగులను కొత్త జిల్లాలకు కేటాయిస్తూ జీవో 317 వచ్చినప్పుడు మన జిల్లాల్లోనే టీచర్ దంపతులు ఒకరు ఒక జిల్లాలో, ఒకరు ఇంకో జిల్లాలో పడ్డారు. వాళ్లలో ఎవరు ఎవరిని వదిలిపెట్టినట్టు?

ఇప్పుడు ఆ బాండు పేపరును ఒక్కో మాటా విడదీసి చూడండి. "ఇష్టపూర్వకంగా" అంటే ఉద్యోగం వల్ల కాదు, మీరే కోరుకుని అని. "భర్తను విడిచి" అంటే కాపురం తెంచుకుని అని. "వేరుగా ఉంటున్నాను" అంటే ఆ తేదీ నుంచి లెక్క మొదలు. వదిలివేత కింద విడాకులు కోరేవారు నానా తంటాలు పడి రుజువు చేయాల్సిన రెండు అంశాల్నీ మీ సంతకంతో, మీ చేత్తోనే రాసిచ్చినట్టవుతుంది. ఇవాళ ఆయన మంచిగానే ఉన్నారు. రేపు మనసు మారినా, ఎవరి మాటైనా విన్నా, ఆ కాగితం కోర్టులో మొదటి ఎగ్జిబిట్‌గా, అంటే మొదటి సాక్ష్యపత్రంగా వస్తుంది. అమ్మ కోసం పెట్టానని మీరు బోనులో నిలబడి చెప్పాల్సి వస్తుంది. నమ్ముతారో లేదో కోర్టు ఇష్టం.

"ఏమీ అడగను" అన్న వాక్యం చట్టం ముందు ఎలాగూ చెల్లదు. భార్యకు, బిడ్డకు ఉన్న మనోవర్తి హక్కును ఇలాంటి ఒప్పందంతో వదులుకోవడం ప్రజా విధానానికి విరుద్ధమని కోర్టులు ఎన్నోసార్లు అన్నాయి. బిడ్డ హక్కును వదిలేసే అధికారం తల్లికి లేనే లేదు. పాత సీఆర్‌పీసీ 125 స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 144 కింద బాబు తరఫున ఎప్పుడైనా అడగవచ్చు. మీకు జీతం ఉంది కాబట్టి మీకోసం అడిగితే ఎంత ఇస్తారన్నది వేరే సంగతి, బిడ్డ పోషణలో తండ్రి వాటా మాత్రం పోదు.

ఉద్యోగం మానకపోతే తప్పు మీదవుతుందా అని అడిగారు. కాదు. పూర్వం కొన్ని హైకోర్టులు భర్త ఉన్నచోటే కాపురమనీ, భార్య ఉద్యోగం మానుకుని వెళ్లాల్సిందేననీ అన్న మాట నిజమే. ఆ ధోరణిని గట్టిగా ఎదిరించింది స్వరాజ్ గార్గ్ కేసు. పంజాబ్‌లోని సునామ్‌లో ఆమె టీచర్, ఆయన ఢిల్లీలో ఉద్యోగి. ఆమె రాజీనామా చేసి రావాలని ఆయన కేసు వేస్తే, ఇద్దరూ సంపాదిస్తున్నప్పుడు కాపురం ఎక్కడ పెట్టాలో భర్త ఒక్కడే తేల్చే హక్కు ఏ చట్టంలోనూ లేదని ఢిల్లీ హైకోర్టు 1978లో ఆ కేసు కొట్టేసింది. అది మన హైకోర్టు తీర్పు కాదు కాబట్టి ఇక్కడి కోర్టులను కట్టిపడేయదు. అయినా వాదనకు గట్టి ఆధారం, నా మట్టుకు న్యాయం కూడా అదే. డీఎస్సీ రాసి సంపాదించుకున్న కొలువు అది. రాజీనామా ఆమోదమయ్యాక వెనక్కి తెచ్చుకోవడం దాదాపు అసాధ్యం. మీకే పుణె వెళ్లి కొన్నాళ్లు ఉండాలనిపిస్తే, జీతం లేని సెలవుకు దరఖాస్తు చేయండి. మంజూరు అధికారుల చేతిలో ఉంటుంది కాబట్టి ఆర్డరు చేతికొచ్చాకే కదలండి. స్పౌజ్ బదిలీ మీకు పనికిరాదు, అది ఇద్దరూ ప్రభుత్వ, ప్రభుత్వ రంగ కొలువుల్లో ఉన్నవారి కోసం.

ఇంతవరకూ ధైర్యం చెప్పాను. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. వేరుగా ఉండటం, వదిలేయాలన్న ఉద్దేశం రెండూ ఒకే రోజు మొదలవ్వాలని లేదు. ఉద్యోగం కోసం మొదలైన దూరంలోకి ఆ ఉద్దేశం తర్వాతైనా వచ్చి చేరవచ్చని అదే బిపిన్‌చంద్ర తీర్పులో ఉంది. అంటే రాకపోకలు ఆగి, ఫోన్లు ఆగి, ఆయన రమ్మని రాసిన మెసేజీలకు మీ నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే కథ మారుతుంది. కాబట్టి ఆయన గానీ అత్తమ్మ గానీ "వస్తావా, రావా" అని రాతపూర్వకంగా అడిగితే జవాబు ఇవ్వకుండా వదలకండి. మీ పెళ్లి నాటికే ఉద్యోగం ఉందని, మీరిద్దరూ మాట్లాడుకునే ఇలా ఉంటున్నారని, సెలవులకు వస్తూనే ఉన్నారని, ఆయన ఎప్పుడు వచ్చినా ఇల్లు ఆయనదేనని మామూలు తెలుగులో రాయండి. ఇప్పుడే, గొడవ లేని ఈ రోజుల్లోనే, ఆయనతో వాట్సాప్‌లో ఈ సంగతి ఒకసారి మాట్లాడుకున్నా మంచిదే. ఆయన "అవును, మనం అనుకున్నదే కదా" అని పెట్టే ఒక్క లైను చాలా బలమైన సాక్ష్యం. రైలు, బస్సు టికెట్లు, పుణెలో బాబుకు వేయించిన టీకా చీటీ, ఆయన పంపిన డబ్బు వివరాలు, పండగ ఫొటోలు దాచుకోండి. ఫోన్ మార్చినా పాత ఫోన్ పారేయకండి. మెసేజీలు కోర్టులో చూపాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి, అసలు ఫోన్ ఉంటే ఆ పని తేలిక.

నేను ఎక్కువ భయపడేది రెండేళ్ల లెక్క గురించి కాదు, హిందూ వివాహ చట్టంలోని సెక్షన్ 9 గురించి. కాపురానికి రావాలని ఆదేశించమంటూ భర్త గానీ భార్య గానీ వేసే కేసు అది. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1983లో టి. సరీత కేసులో ఈ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. మరుసటి ఏడాదే సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఆ తీర్పు సరికాదంది, కాబట్టి సెక్షన్ ఇంకా బతికే ఉంది. ఈ డిక్రీ వచ్చినా పోలీసులు వచ్చి మిమ్మల్ని చెయ్యి పట్టుకుని పుణె రైలెక్కించరు. కానీ డిక్రీ తర్వాత ఏడాది పాటు కాపురం కలవకపోతే, ఆ ఒక్క కారణంతోనే సెక్షన్ 13(1ఏ) కింద విడాకులు అడగవచ్చు. చాలామంది ఆడవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. సమన్లు వస్తే "మా మధ్య ఏముంది, ఆయనే మాట్లాడుకుంటారులే" అని కోర్టుకు పోరు, వాళ్లు లేకుండానే ఏకపక్షంగా ఎక్స్‌పార్టీ డిక్రీ పడుతుంది, ఏడాది తర్వాత విడాకుల కేసు వచ్చేదాకా వాళ్లకు తెలియదు. స్కూలుకు వచ్చినా ఇంటికి వచ్చినా కోర్టు కవరు తీసుకోండి, వాయిదా తేదీ చూసుకోండి, కౌంటర్ (రాతపూర్వక జవాబు) వేయండి. వేరుగా ఉండటానికి సరైన కారణం ఉందని చూపాల్సిన భారం సెక్షన్ 9 కేసులో మీ మీదే ఉంటుంది. ఉద్యోగం, ముందే కుదిరిన ఒప్పందం, మీ రాకపోకలు ఆ భారాన్ని మోస్తాయి.

కేసు పుణెలో వేస్తారేమోనని భయం అక్కర్లేదు. కేసు ఎక్కడ వేయాలో తేల్చేటప్పుడు చూసే వాటిలో పెళ్లయిన చోటు మిర్యాలగూడ, మీరుంటున్నది దేవరకొండ. ఇద్దరూ చివరిగా కలిసి కాపురమున్న చోటు పుణె అని ఆయన వాదించవచ్చు, ఎండాకాలం సెలవులకు వెళ్లి ఉండటం అక్కడ కాపురమున్నట్టు కాదని మీరు చెప్పుకోవచ్చు. అక్కడే కేసు నిలబడినా, ఇటు బదిలీ చేయమని సుప్రీంకోర్టును అడిగే వీలుంది. చంటిబిడ్డతో ఉన్న భార్య ఇబ్బందిని అలాంటి దరఖాస్తుల్లో కోర్టు పట్టించుకుంటుంది.

ఇక పెద్దమనుషుల దగ్గర మాట్లాడటం తప్పేమీ కాదు. అత్తమ్మ బెంగ కూడా నాకు అర్థమవుతుంది, కొడుకు ఒంటరిగా హోటల్ తిండి తింటున్నాడని ఆమె బాధ. కానీ ఆ మాటలకు సరైన చోటు నల్లగొండ కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థ. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం, 1987 సెక్షన్ 12 ప్రకారం ఆడవాళ్లకు జీతంతో నిమిత్తం లేకుండా అక్కడ న్యాయసహాయం ఉచితం. 15100కు ఫోన్ చేసినా దారి చెప్తారు. కేసు లేకుండానే, ప్రీ లిటిగేషన్ కింద తెల్లకాగితం మీద దరఖాస్తు పెట్టండి. దరఖాస్తులో మీకు విడాకులు వద్దని, ఉద్యోగాల వల్లే చెరో ఊళ్లో ఉంటున్నారని, ఇద్దరి సమ్మతితోనే ఇలా ఉన్నారని రాయండి. అత్తింటివారిని పిలిపించి ఈ మాట వాళ్ల ముందు నమోదు చేయించమని కోరండి. మీవారు ఎప్పుడు సెలవు పెట్టి రాగలరో కనుక్కుని ఆ తేదీకే పిలిపించమని అడగండి. అత్తమ్మ అడిగేదానికి ఆయన నోటితోనే ఆయన జవాబు చెప్పాలి.