రాకీ పర్వతాల ఫీల్డ్ కోర్సుకి మా అమ్మాయిని పంపొచ్చా?

మీ అమ్మాయి ఎమ్మెస్సీలో ఉందనీ, కొలరాడోలోని రాకీ మౌంటెన్ బయలాజికల్ లాబొరేటరీలో వేసవి ఫీల్డ్ కోర్సు చేస్తానంటోందనీ రాశారు. అంత డబ్బు పోసి కొండల మీదికి పంపితే ఏం వస్తుందని మీ ప్రశ్న. నేను అమెరికాలో ఎమ్మెస్ చేసేటప్పుడు ఒక వేసవి అక్కడే గడిపాను. ఇప్పుడు తార్నాకలో ఉంటూ డిగ్రీ పిల్లలకి బోటనీ చెబుతున్నాను.

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. ఆర్‌ఈయూ అని అమెరికా ప్రభుత్వ నిధులతో ఒక స్టైపెండ్ ఉంది. అది అక్కడి పౌరులకి, గ్రీన్‌కార్డు వాళ్లకే. మన పాస్‌పోర్టుతో దాని మీద ఆశ పెట్టుకోవద్దు. వీసా ఏది కావాలో, స్కాలర్‌షిప్ ఏమైనా దొరుకుతుందో ఆ లాబొరేటరీ వాళ్లకే నేరుగా ఈమెయిల్ రాయమనండి. ఏజెంట్ల దగ్గరికి వెళ్లకండి, వాళ్లకి ఈ ఊరి పేరు కూడా తెలియదు.

ఊరి పేరు గోథిక్. 1879లో వెండి గనుల కోసం వెలిసింది, గనులు పోగానే జనమూ పోయారు. 1928లో పక్కనున్న గనిసన్ కాలేజీలో బయాలజీ చెప్పే జాన్ జాన్సన్ అనే ఆయన అక్కడ ఈ లాబొరేటరీని ఫీల్డ్ స్టేషన్‌గా మొదలుపెట్టారు. ఎత్తు 2,900 మీటర్లకి అటూ ఇటుగా. మన తూర్పు కనుమల్లో పెద్ద శిఖరాలే 1,700 దాటవు. మొదటి రెండు రోజులు నాకు తల పగిలిపోయింది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. జూన్‌లో కూడా రాత్రి స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకున్నా. జులైలో మధ్యాహ్నానికి ఉరుములు, మెరుపులు మొదలవుతాయి, ఆలోపే గట్టు దిగి వచ్చేయాలి. బూట్లు బయట వదిలితే మార్మట్లు అనే పెద్ద ఉడుతల్లాంటి జంతువులు చెమట ఉప్పు కోసం కొరికేస్తాయి. ఆ మార్మట్ల మీద 1962 నుంచి ఆపకుండా పరిశోధన నడుస్తోంది, కాబట్టి వాటిని తిట్టడానికి కూడా మనకి అర్హత లేదు!

కోర్సంటే క్లాసు కాదు. పొద్దున్నే ఒక్కొక్కరికీ రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఉన్న మడి ఇచ్చి కూర్చోబెడతారు. ఏ పువ్వు మీద ఏ పురుగు ఎన్నిసార్లు వాలిందో లెక్కపెట్టాలి. అంతే. మూడో రోజుకి నాకు ఏడుపొచ్చింది. దీనికోసమా ఇంత దూరం వచ్చాను అనుకున్నా. నాలుగో రోజు వాన పడి, జెల్ పెన్నుతో రాసిన రెండు రోజుల లెక్కలు నీలం మరకలైపోయాయి. తప్పు పూర్తిగా నాదే, పెన్సిల్ వాడమని ముందే చెప్పారు.

అలా కూర్చోగా కూర్చోగా ఒకటి కంటపడింది. అక్కడ స్కార్లెట్ గిలియా అని ఎర్రటి సన్నని గొట్టం పువ్వు ఉంటుంది. హమ్మింగ్‌బర్డ్ ముక్కు పెట్టి తేనె తాగుతుంది, పనిలో పనిగా పుప్పొడి మోస్తుంది. ఒక బంబుల్బీ (లావుపాటి తేనెటీగ) మాత్రం ముందు నుంచి రాకుండా పువ్వు అడుగున కన్నం కొట్టి తాగేస్తోంది. పుప్పొడి అంటదు, పువ్వుకి లాభం లేదు. దొంగ తేనె అన్నమాట. ఇలా దోచిన పూల దగ్గరికి హమ్మింగ్‌బర్డ్‌లు రావడం తగ్గుతుందనీ, మొక్కకి గింజలు తక్కువ పడతాయనీ ఆ స్టేషన్‌లోనే తేల్చారు. నాకు అప్పుడు కొంచెం సిగ్గేసింది. మా కాలనీలో గోడవారన పసుపు గంటల టెకోమా చెట్టుంది. దాని చుట్టూ తిరిగే నల్ల తుమ్మెదని పదేళ్లు చూసి కూడా అది ఎక్కణ్నుంచి తాగుతుందో ఎప్పుడూ చూడలేదు. తిరిగొచ్చాక చూస్తే అదీ కన్నమే కొడుతోంది. మన కవులు తుమ్మెదని అన్ని వందల ఏళ్లు పొగిడారు పాపం.

గోథిక్‌లో లెక్కపెట్టినవి వృథా పోవు. అదే కొండ మీద డేవిడ్ ఇనౌయే అనే శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్లు 1970ల తొలినాళ్ల నుంచి ఇలాగే పూలు లెక్కపెట్టబట్టే పూల కాలం నెలకి పైగా పొడుగైందని తెలిసింది. మంచు ముందే కరిగితే మొగ్గలూ ముందే వస్తాయి, ఆ తర్వాత వచ్చే జూన్ చలికి మాడిపోతాయి. బిల్లీ బార్ అనే ఆయనైతే శాస్త్రవేత్త కూడా కాదు, చలికాలంలో ఆ ఊళ్లోనే ఉండిపోయి దశాబ్దాలుగా మంచు లోతు కొలిచి పుస్తకంలో రాసుకున్నాడు. ఇప్పుడు ఆ అంకెలు శాస్త్రవేత్తలకి బంగారం.

అందుకే నేను మా పిల్లలకి పెట్టే పరీక్షే మీ అమ్మాయికీ పెట్టండి. ఊరి శివార్లలో తంగేడు పూసిన చోట ఒక పొద ముందు పొద్దున ఏడింటి నుంచి రెండు గంటలు కూర్చోమనండి, ఫోన్ లేకుండా. తంగేడు పువ్వులో తేనె ఉండదు. తుమ్మెద పువ్వుని పట్టుకుని జుయ్యిమని వణికిస్తే, సన్నని రంధ్రాల్లోంచి పుప్పొడి రాలుతుంది. ఆ శబ్దం వినపడేదాకా కూర్చోగలిగితే గోథిక్‌కి నిశ్చింతగా పంపండి. అరగంటకే లేచొచ్చి "అమ్మా, బోర్" అంటే మీ లక్షలు మీ దగ్గరే ఉంచుకోండి, కొండల ఫొటోలు చూడటానికి కోర్సు అక్కర్లేదు.

మధ్యేమార్గం కూడా ఉంది. కర్ణాటకలో అగుంబే రెయిన్‌ఫారెస్ట్ రిసెర్చ్ స్టేషన్, పాముల నిపుణుడు రోములస్ విటేకర్ 2005లో పెట్టింది, రాచనాగులకి పేరు. అక్కడ ఏడాదికి 7,000 మిల్లీమీటర్ల పైనే వాన, మన హైదరాబాద్‌లో 800కి అటూ ఇటుగానే. జలగలు పట్టుకుంటే అరవకూడదు, అంతే. ఇంకా దగ్గర్లో కావాలంటే ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అనే పక్షుల లెక్కింపుకి అమీన్‌పూర్ చెరువు గట్టు మీదికి వెళ్లమనండి, ఖర్చు ఆటో చార్జీలే.

తంగేడు దగ్గరికి వెళ్తే మాత్రం పెన్సిల్ ఇచ్చి పంపండి. ఎన్ని తుమ్మెదలు వచ్చాయో ఇక్కడ రాయమనండి, మా పిల్లల లెక్కతో పోల్చి చూస్తాను.