మీ డబ్బుతో కొనే ఇల్లు మీ పేరు మీదే ఉండాలి

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. పోలియో వల్ల చిన్నప్పటి నుంచి నడవలేను. పెళ్లి కాలేదు. బట్టలు కుట్టి కూడబెట్టిన డబ్బుతో, ఇంకొంత లోను తీసుకొని చిన్న ఇల్లు కొనాలనుకుంటున్నాను. ‘నువ్వు ఆఫీసు మెట్లెక్కలేవు, నీకు లోనెవరిస్తారు, అన్న పేరు మీద రాయిద్దాం’ అంటున్నారు ఇంట్లో. ఏం చేయాలి?
– ఒక సోదరి, ప్రొద్దుటూరు

జవాబు: మీ పేరు మీదే రాయించుకోండమ్మా. మీ అన్న మంచివారే కావచ్చు. కానీ డబ్బు మీది, రిజిస్ట్రేషన్ ఆయన ఒక్కరి పేరు మీద అయితే చట్టం దాన్ని బినామీ అంటుంది. రేపు మాట తేడా వస్తే ఆ ఇల్లు నాదని దావా వేసే హక్కు కూడా మీకుండదు. 1988 నాటి బినామీ చట్టంలో 4వ సెక్షన్ చెప్పేది అదే. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల మధ్య మినహాయింపు కావాలంటే దస్తావేజులో ఇద్దరి పేర్లూ ఉండాలి. ఆయన కూడా కొంత వేస్తుంటే ఎవరి వాటా ఎంతో రాయించి జాయింటుగా కొనండి.

మెట్ల గురించి దిగులొద్దు. మీలాంటివారు ఆఫీసుకు రానక్కర్లేదని రిజిస్ట్రేషన్ చట్టం 38వ సెక్షనే చెబుతోంది. సబ్ రిజిస్ట్రారు మీ ఇంటికి రావాలి, లేదా తన తరఫున మిమ్మల్ని విచారించే మనిషిని (దీన్నే కమిషన్ అంటారు) పంపాలి. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ జతచేసి ముందే దరఖాస్తు పెట్టండి. దానికి ఫీజుంటుంది.

లోను విషయంలోనూ అంతే. ఆస్తి కొనుక్కోవడానికి, బ్యాంకు లోనుకు మీకు అందరితో సమాన హక్కుందని 2016 వికలాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్ చెబుతోంది. బ్యాంకు మీ ఆదాయం చూసి కాదనొచ్చు, కాళ్లు చూసి కాదనకూడదు.

అడ్వాన్సు ఇచ్చేముందు 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్ల వివరాల పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) లాయరుకు చూపించండి. స్థలం డీకేటీ పట్టాదేమో, అంటే ప్రభుత్వం పేదలకు కేటాయించినదేమో కనుక్కోండి. నోటరీ కాగితం మీద అమ్ముతామంటే వద్దనండి.

ఇల్లు చూడ్డానికి వెళ్లేటప్పుడు టేపు తీసుకెళ్లండి. చాలామంది ఈ పని మర్చిపోతారు. వాకిలి ముందు కడప బండల మెట్లు అడుగున్నర ఎత్తుంటే, మీ చక్రాల కుర్చీ సులువుగా ఎక్కే ర్యాంపుకు 18 అడుగుల పొడవు కావాలి. అంత జాగా ఆ ఇంటి హద్దులోనే ఉందా? రోడ్డు మీదికి కడితే ఆక్రమణ అవుతుంది. బాత్రూం తలుపులో కుర్చీ పడుతుందా? అమ్మేవాళ్లు ర్యాంపు కట్టించి ఇస్తామంటే అగ్రిమెంటులో రాయించండి, నోటిమాట మీద వదలొద్దు.

మీ తర్వాత ఇల్లు ఎవరికన్న టెన్షన్ ఇంట్లో ఉంటే వీలునామా రాయండి. ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు, రిజిస్టరు చేయించడం తప్పనిసరి కాదు. మీరున్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.