యేసు క్రీస్తు చక్రవర్తిగా, సేనానిగా ఎలా మారాడు?

శిలువపై నిస్సహాయంగా మరణించిన యేసును క్రైస్తవులే రాజుగా, యోధునిగా ఎందుకు చిత్రించారన్నది ప్రశ్న. క్లుప్తంగా చెప్పాలంటే, ప్రతి సమాజమూ తనకు తెలిసిన అధికార రూపాన్నే ఆయనకు తొడిగింది.

సిరియాలోని దూరా యూరోపస్‌లో, 3వ శతాబ్దపు ప్రార్థనాగృహం గోడపై ఆయన గొర్రెను భుజాన మోస్తున్న కాపరి. 313లో రోమన్ సామ్రాజ్యం క్రైస్తవానికి చట్టబద్ధత కల్పించిన తరువాత, సుమారు 400 నాటికి, రోమ్‌లోని శాంతా పుదెంజియానా చర్చిలో ఆయన బంగారు వస్త్రాలు ధరించి, రత్నాలు పొదిగిన సింహాసనంపై కూర్చున్నాడు. ఇటలీలోని రవెన్నా నగరంలో, ఆర్చిబిషప్ ప్రార్థనామందిరంలో ఏకంగా రోమన్ సైనిక దుస్తుల్లో, శిలువను ఆయుధంలా భుజాన వేసుకుని, సింహాన్నీ సర్పాన్నీ తొక్కుతూ నిలబడ్డాడు. చేతిలోని గ్రంథంలో మాత్రం ‘నేనే మార్గమును, సత్యమును, జీవమును’ అన్న శాంతమైన మాట ఉంది.

అన్నిటికన్నా ఆసక్తికరమైనది 9వ శతాబ్దపు సాక్సన్ సువార్త కావ్యం. ఫ్రాంకుల రాజు చార్లెమాన్ యుద్ధాలతో లొంగదీసి మతం మార్పించిన సాక్సన్లనే జర్మానిక్ జాతి కోసం రాసిన ఆ కావ్యంలో యేసు నాయకుడు, శిష్యులు ఆయనకు విధేయులైన యోధులు, బేత్లెహేము గొర్రెల కాపరులు గుర్రాల కాపలాదారులు. కవిది మోసమని నేననను, శ్రోతలకు అర్థమయ్యే భాష అదే. కానీ యేసు యెరూషలేములోకి గాడిదపై వచ్చిన ఘట్టంలో కవి ఆ గాడిదనే తీసేశాడు.