ప్లస్ టూ ఇక్కడా, ఇంటర్ అక్కడా? రాయగడ తల్లికి జవాబు

ప్రశ్న: మాది రాయగడ. మామగారి కాలంలోనే పార్వతీపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాం. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. మా అమ్మాయి ఒడియా మీడియంలో పదో తరగతి పరీక్షలు రాసి రిజల్ట్ కోసం చూస్తోంది. లెక్కలంటే ఇష్టం. ఇంజనీరింగ్ అంటుంది, ఒక్కోసారి డాక్టర్ అంటుంది. విశాఖలో ఉండే మా మరిది ఇంటర్‌కి అక్కడ హాస్టల్లో వేసేయమంటున్నాడు. ఇక్కడే ఉంచితే వెనకబడిపోతుందేమోనని భయం. పంపిస్తే ఖర్చు, పైగా ఆడపిల్ల. ఎంట్రెన్స్‌లకి ఎలా చదివించాలి? ఫోన్ కొనిపెట్టమని అడుగుతోంది, ఇవ్వాలా వద్దా?

జవాబు: అమ్మా, కోచింగ్ ఎక్కడ బాగుంటుందో తర్వాత చూద్దాం. అంతకన్నా ముందు తేలాల్సింది ఒకటుంది. మీ అమ్మాయి పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసవుతుంది? సరిహద్దు జిల్లాల్లో ఉండే మన తెలుగు కుటుంబాలు ఈ ఒక్క ప్రశ్న వేసుకోకుండానే పిల్లల్ని రైలెక్కించేస్తుంటాయి. రెండేళ్ల తర్వాత కౌన్సెలింగ్ ఫారం నింపేటప్పుడు అసలు సంగతి తెలిసి కంగారు పడతాయి.

ఇంజనీరింగ్ ఎంట్రెన్స్ జేఈఈ మెయిన్ ర్యాంకుతో ఎన్ఐటీల్లో, అంటే కేంద్రం నడిపే ఇంజనీరింగ్ కాలేజీల్లో, సీట్లు ఇస్తారు కదా. ప్రతి ఎన్ఐటీలోనూ సగం సీట్లు ఆ రాష్ట్రం పిల్లలకే. అయితే ఆ రాష్ట్రం పిల్ల అని తేల్చడానికి పుట్టిన ఊరు, రేషన్ కార్డు, తండ్రి ఉద్యోగం చూడరు. పన్నెండో తరగతి మొదటిసారి ఏ రాష్ట్రంలో పాసైతే అదే ఆమె హోం స్టేట్. మీ అమ్మాయి రాయగడలోనో బరంపురంలోనో ప్లస్ టూ పాసైతే రూర్కెలా ఎన్ఐటీలో ఒడిశా వాటా ఆమెకు దక్కుతుంది. విశాఖలో ఇంటర్ పాసైతే ఆ వాటా పోయి, 2015లో మొదలైన తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో ఆంధ్రా వాటా వస్తుంది. రూర్కెలాది 1961 నాటి కాలేజీ, పాత రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ. అక్కడ హోం స్టేట్ కోటాలో ఏ ర్యాంకు దాకా సీటు వచ్చిందో, బయటి రాష్ట్రాల వాళ్లకి ఏ ర్యాంకు దాకా వచ్చిందో ఐఐటీ, ఎన్ఐటీ సీట్లు పంచే జోసా వెబ్‌సైట్లో ఏటా పెడతారు. మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ రెండు అంకెలూ ఒకసారి చూడండి. ఐఐటీల్లో మాత్రం ఈ రాష్ట్రాల వాటాలు లేవు.

ఇంటర్ అక్కడ చదివితే ఆంధ్రాలో స్టేట్ సీటైనా వస్తుంది కదా అని మీ మరిదిగారు అనొచ్చు. అలా కుదరదమ్మా. ఆంధ్రాలో లోకల్ అనిపించుకోవాలంటే, మామూలుగా, ఇంటర్‌తో ముగిసేలా వరసగా నాలుగేళ్లు అక్కడ చదివుండాలి. తొమ్మిది, పది రాయగడలో చదివి ఇంటర్ రెండేళ్లే అక్కడ చదివితే ఆ లెక్క నిండదు. ఆంధ్రా ఇంజనీరింగ్ ఎంట్రెన్స్ ఈఏపీసెట్‌కీ ఇదే, మెడికల్ ఎంట్రెన్స్ నీట్ ర్యాంకుతో ఇచ్చే రాష్ట్ర కోటా మెడికల్ సీట్లకీ ఇదే. ఇటు చూస్తే ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో 15 శాతం ఆలిండియా కోటా పోగా మిగిలిన 85 శాతం రాష్ట్రం చేతిలో ఉంటాయి. బరంపురం ఎంకేసీజీ, కోరాపుట్ మెడికల్ కాలేజీ మీకు దగ్గర. ఆ సీట్లకి ఒడిశాలో నివాసం రుజువు చేసుకోవాలి, బయట చదివిన వాళ్లకి అడిగే కాగితాలూ ఎక్కువే. కాబట్టి విశాఖ ప్రయాణం కట్టకముందే ఒడిశా ప్రవేశాలు చూసే ఓజేఈఈ వాళ్ల బ్రోచర్‌లో అర్హతల పేజీ పూర్తిగా చదవండి.

నా మాట సూటిగా చెప్తాను: అమ్మాయిని ఒడిశాలోనే ప్లస్ టూ చదివించండి. ఆ తర్వాత ఒక ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్ కావాలనిపిస్తే అప్పుడు విశాఖ పంపినా ఏమీ పోదు. పన్నెండు ఇక్కడ పాసైపోయింది కాబట్టి హోం స్టేట్ మారదు. జేఈఈ మెయిన్ వరసగా మూడేళ్లు రాయొచ్చు, ఐఐటీల కోసం రాసే అడ్వాన్స్‌డ్ వరసగా రెండేళ్లలో రెండుసార్లు రాయొచ్చు. పదిహేనేళ్ల పిల్ల కన్నా పద్దెనిమిదేళ్ల పిల్ల హాస్టల్లో తట్టుకుంటుంది, తనకేం కావాలో తనకు తెలిసుంటుంది. ఇక్కడ కాలేజీలో పేరుంచి అక్కడ కోచింగ్‌లో కూర్చోబెట్టే పద్ధతి కూడా మీకు ఎవరో ఒకరు చెప్తారు. దాని జోలికి పోవద్దు. హాజరు చాలకపోయినా, ప్రాక్టికల్స్ తప్పినా పరీక్షకే గండం.

అయితే ఇక్కడ ఏ కాలేజీ అయినా పర్వాలేదని అనను. ఒడిశా కాలేజీల ఆన్‌లైన్ అడ్మిషన్ పోర్టల్ సామ్స్‌లో ఆప్షన్లు పెట్టేముందు మీరూ మీ ఆయనా కాలేజీకి స్వయంగా వెళ్లి రండి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలకి లెక్చరర్లు ఉన్నారా, పోస్టులు ఖాళీగా ఉన్నాయా అని సెకండియర్ పిల్లల్నే అడగండి, ఉన్నదున్నట్టు చెప్తారు. లాబ్ తలుపు తీయించి చూడండి. బల్లల మీద దుమ్ముంటే ఆ కాలేజీ సంగతి తెలిసిపోతుంది. ఊళ్లో బాగా లేకపోతే జయపురమో బరంపురమో చూడండి, ఒడిశా దాటకుండానే పని జరుగుతుంది. ఒడిశా ఆదర్శ విద్యాలయాల్లో సీబీఎస్ఈ సిలబస్ ఇంగ్లీషు మీడియంలో చెప్తారు. మీకు దగ్గర్లో ఉన్న దానిలో పదకొండో తరగతి సైన్స్ ఉందేమో కనుక్కోండి. ఇంకొక వీలు కూడా ఉంది. ప్లస్ టూ సైన్స్‌లో లెక్కలూ బయాలజీ రెండూ తీసుకోవచ్చు. మీ అమ్మాయి ఇంకా ఊగిసలాడుతోంది కాబట్టి మొదటి ఏడాది రెండూ ఉంచండి. ఫిజిక్స్, కెమిస్ట్రీ జేఈఈకీ నీట్‌కీ ఉమ్మడే. నీట్‌లో 720 మార్కులకి 360 బయాలజీవే. పదకొండో తరగతి అయ్యేసరికి ఆ పుస్తకం ఇష్టంగా తెరుస్తోందా, బలవంతంగా తెరుస్తోందా అన్నది మీకే కనిపిస్తుంది. అప్పుడు తేల్చుకోవచ్చు.

ఇక చదువు సంగతి. వెనకబడిపోతుందేమోనని మీరు భయపడేది కోచింగ్ లేకపోవడం గురించి. నాకు కనిపించే చిక్కు వేరు. ఇన్నాళ్లూ ఒడియాలో చదివిన పిల్లకి ఫిజిక్స్, కెమిస్ట్రీ ఒక్కసారిగా ఇంగ్లీషులోకి మారిపోతాయి. మొదటి మూడు నెలలు తెలివైన పిల్లలు కూడా క్లాసులో బిక్కమొహం వేసేది ఇందుకే. లెక్క రాక కాదు, లెక్కలో ఏమడిగాడో అర్థంకాక. రిజల్ట్ వచ్చి కాలేజీ తెరిచేలోపు దొరికే ఖాళీ వారాలు దీనికి వాడుకోండి. ఎన్సీఈఆర్టీ తొమ్మిది, పది తరగతుల సైన్స్, లెక్కల పుస్తకాలు ఇంగ్లీషువి వాళ్ల వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతాయి. పాఠాలు తనకి తెలిసినవే కాబట్టి మాటలు మాత్రమే కొత్తగా ఉంటాయి, తొందరగా పట్టుబడతాయి.

ఇందులో మీరు చేయగలిగింది ఒకటుంది, దానికి మీకు ఇంగ్లీషు రానక్కర్లేదు. సాయంత్రం వంట దగ్గర ఉన్నప్పుడు ఆ రోజు చదివిన పాఠం తెలుగులో చెప్పమనండి. ఘర్షణ చదివిందనుకోండి. బియ్యం బస్తాని నేల మీద తోసేటప్పుడు మొదట కదలడానికి ఎక్కువ బలం కావాలి, కదిలాక కొంచెం తగ్గినా సరిపోతుంది, ఎందుకని అడగండి. మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే పాఠం వచ్చినట్టే. మధ్యలో ఆగిపోయి "అదేనమ్మా, ఫార్ములా ఉంది" అంటే రాలేదన్నమాట. కోప్పడకండి, మళ్లీ పుస్తకం చూసి రమ్మనండి. పిల్లకి చదువు ఒక భాషలో, ఆలోచన ఇంకో భాషలో ఉండటం లోటేమీ కాదు. ఇంట్లో తెలుగులో, స్నేహితులతో ఒడియాలో, పరీక్షలో ఇంగ్లీషులో ఒకే విషయం చెప్పగలిగిన పిల్లకి అది గట్టిగా వచ్చినట్టు.

పరీక్ష ఏ భాషలో రాయాలన్న విషయంలో కూడా మన ప్రాంతం వాళ్లు పొరబడుతుంటారు. జేఈఈ మెయిన్, నీట్ రెండూ తెలుగు, ఒడియాలతో కలిపి 13 భాషల్లో ఉంటాయి. కానీ తెలుగు పేపరు ఆంధ్రా, తెలంగాణ సెంటర్లలోనే ఇస్తారు, ఒడియా పేపరు ఒడిశా సెంటర్లలోనే. ఇంగ్లీషు అన్ని చోట్లా ఉంటుంది. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషు ప్రశ్ననే చివరి మాటగా తీసుకుంటారు. ప్లస్ టూ పుస్తకాలు ఎలాగూ ఇంగ్లీషులోనే చదువుతుంది కాబట్టి పరీక్షా ఇంగ్లీషులోనే రాయమనండి.

మొదటి ఏడాది ఎన్సీఈఆర్టీ పుస్తకం, దానికి తోడు వచ్చే అభ్యాసాల పుస్తకం ఎగ్జెంప్లర్‌లో లెక్కలు, ఇవి చాలు. లావుపాటి గైడ్లు నాలుగు కొనిస్తే నాలుగూ సగంలో ఆగుతాయి. రెండో ఏడాది నుంచి పాత ప్రశ్నపత్రాలు మొదలుపెట్టాలి. కేంద్ర విద్యాశాఖ, ఐఐటీ కాన్పూర్ కలిసి నడిపే సాథీ అనే పోర్టల్లో జేఈఈ, నీట్‌కి వీడియో పాఠాలు, టెస్టులు ఉచితంగా ఉన్నాయి. డబ్బు పెట్టి కొనే ముందు అది చూడండి.

టెస్టు రాయడం సగం పనే. రాసిన టెస్టుని మర్నాడు విప్పి చూసుకోవాలి. ఒక నోటుపుస్తకం పెట్టి తప్పు పోయిన ప్రతి ప్రశ్నకీ కారణం రాయమనండి. పాఠమే రాలేదా, వచ్చినా ప్రశ్న సరిగ్గా చదవలేదా, గ్రాముల్ని కిలోల్లోకి మార్చడం మరిచిపోయిందా, తొందర్లో మైనస్ గుర్తు పోయిందా. నెల తిరిగేసరికి ఏ రకం తప్పు ఎక్కువో ఆ నోటుపుస్తకమే చెప్తుంది. చాలామంది పిల్లలు పాఠం రాలేదని కుంగిపోతారు, తీరా చూస్తే సగం మార్కులు చదవడంలో పోయుంటాయి.

ఊహించి గుర్తు పెట్టే అలవాటు కూడా మాన్పించాలి. జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నలు, 300 మార్కులు. కరెక్ట్‌కి 4 వస్తాయి, తప్పుకి 1 పోతుంది. 60 ప్రశ్నలు చేసి 30 కరెక్ట్, 30 తప్పు అయితే 90 మార్కులు. 40 మాత్రమే చేసి 30 కరెక్ట్, 10 తప్పు అయితే 110. వచ్చినవి అంతే, 30. తేడా అంతా వదిలేయడంలో ఉంది. దీన్ని మాటల్లో చెప్తే పిల్లలు వినరు, తన టెస్టు కాగితం మీదే లెక్క వేసి చూపించండి.

ఎంట్రెన్స్ ధ్యాసలో పడి బోర్డు పరీక్షల్ని తేలిగ్గా తీసుకోనివ్వకండి. ఎన్ఐటీలో చేరాలంటే పన్నెండులో 75 శాతం రావాలి, లేదా తన బోర్డులో పైన 20 పర్సెంటైల్‌లో, అంటే వందమందిలో మొదటి ఇరవైమందిలో, ఉండాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకి 65 శాతం.

కాగితాల విషయం నన్ను ఎక్కువ బాధపెడుతుంది, ఎందుకంటే ఇక్కడ మార్కులొచ్చిన పిల్లలు ఆగిపోతారు. మన ఇళ్లలో పేర్లు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పదో తరగతి సర్టిఫికెట్‌లో వెనక, ఇంకోచోట ఒట్టి అక్షరం. తండ్రి పేరు స్పెల్లింగు మూడు రకాలు. రిజల్ట్ చేతికి రాగానే ఆధార్‌ని పదో తరగతి సర్టిఫికెట్‌కి సరిపోయేలా మార్పించండి. ఒడిశా రెసిడెంట్ సర్టిఫికెట్ తహసీల్దార్ ఆఫీసులో ఇప్పుడే తీసుకోండి. రిజర్వేషన్ ఉన్న కులమైతే ఒక మాట గుర్తుంచుకోండి. ఆంధ్రాలో ఉన్న బంధువుల సర్టిఫికెట్ చూసి మనకీ అదే వర్తిస్తుందనుకోకూడదు. కులాల జాబితా రాష్ట్రానికో రకంగా ఉంటుంది. ఒడిశా జాబితాలోనూ, కేంద్రం వాళ్ల ఒడిశా జాబితాలోనూ మీ కులం ఉందో లేదో చూసుకోండి. ఓబీసీ నాన్ క్రీమీలేయర్, ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్లు ప్రవేశాల ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నవే చెల్లుతాయి కాబట్టి వాటిని అప్పుడు తీసుకోవాలి.

జేఈఈ, నీట్ తప్ప లోకం లేదనుకోవద్దు. లెక్కలూ సైన్సూ నిజంగా ఇష్టమైతే బరంపురంలో సైన్స్ చదివించే కేంద్ర సంస్థ ఐసర్ ఉంది, దానికి ఐఏటీ అనే పరీక్ష. భువనేశ్వర్ దగ్గర అలాంటిదే ఉన్న నైసర్‌కి నెస్ట్ పరీక్ష. కోరాపుట్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ అనే పరీక్ష. ఇవన్నీ మీకు రైల్లో ఒక రాత్రి దూరంలోపే. ఆడపిల్ల అని మీరు రాసిన మాట గురించి కూడా చెప్పాలి. 2018 నుంచి ఐఐటీలు, ఎన్ఐటీల్లో అమ్మాయిల కోసం అదనపు సీట్లు పెట్టారు. ఆడపిల్ల కావడం ఇక్కడ ఆమెకు కలిసొచ్చే విషయం. ఒడియాని కూడా వదిలేయనివ్వకండి, రేపు ఈ రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగానికి ఒడియా రాయడం, చదవడం రావాలి.

ఫోన్ సంగతి. కొనండి, కానీ ఆమెకని విడిగా కాకుండా ఇంటి ఫోన్‌గా కొనండి. పాఠాలు, టెస్టులు, దరఖాస్తులు, అడ్మిట్ కార్డు అన్నీ అందులోనే, అది లేకుండా ఇప్పుడు కుదరదు. హాల్లో కూర్చుని చూడాలి, రాత్రి పడుకునేటప్పుడు మీ గదిలో ఛార్జింగ్ పెట్టాలి. ఈ షరతు కొనే రోజే చెప్పండి, మీ ఆయన ఫోన్‌కి కూడా అదే వర్తింపజేయండి, అప్పుడు పిల్ల గొడవ చేయదు. రిజిస్ట్రేషన్లకి మాత్రం మీ నంబరూ, మీరు తెరవగలిగే ఈమెయిలూ ఇవ్వండి. ఆ నంబరు ఈ రెండేళ్లూ మార్చొద్దు, ఓటీపీలన్నీ దానికే వస్తాయి.